మాటల మధ్య గీతలు: ఇంటర్వ్యూలు నెట్‌వర్క్ బొమ్మగా ఎలా మారతాయి?

క్లుప్తంగా: ఇంటర్వ్యూలు, తరగతి గది చర్చలు, డైరీల వంటి రాతను చుక్కలూ వాటిని కలిపే గీతలూ ఉన్న నెట్‌వర్క్‌గా గీసి చదవడం విద్యా పరిశోధనలో కనిపిస్తున్న పద్ధతి. ఏ భావం ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్కలో దొరకని సంగతి, ఏది దేనితో కలిసి వచ్చిందన్నది, ఇందులో దొరుకుతుంది. అయితే బొమ్మలో కనిపించేదాంట్లో చాలా భాగం కంప్యూటర్ పని మొదలుపెట్టకముందే తేలిపోయి ఉంటుంది. దేన్ని చుక్కగా తీసుకున్నారు, ఎంత దూరంలో ఉన్న మాటలను కలిపారు, కోడింగ్ (ఒక్కో మాటకు అది చెప్పే భావం పేరును గుర్తుగా పెట్టడం) ఎవరు చేశారు అన్న మూడు నిర్ణయాలు దాన్ని నడిపిస్తాయి. తెలుగు ఇంటర్వ్యూలకు వీటిపైన భాష తెచ్చే చిక్కులు కూడా ఉంటాయి.

ముప్పై మంది టీచర్లతో తలా ఒక గంట మాట్లాడి, ఆ మాటలన్నీ రాసుకుంటే వందల పేజీలవుతాయి. వాటిని మళ్లీమళ్లీ చదివి, పక్కన గుర్తులు పెట్టుకుని, చివరికి ‘ఈ అయిదు అంశాలు తేలాయి’ అని రాయడం గుణాత్మక పరిశోధనలో పాత పద్ధతి. వైవా (థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్ష) రోజున ఎదురయ్యే ప్రశ్న కూడా పాతదే: ఈ అయిదే ఎందుకు? మరొకరు చదివితే వేరే అయిదు తేలేవేమో కదా?

ఈ ప్రశ్నకు జవాబులా కనిపించడం వల్లే నెట్‌వర్క్ బొమ్మకు గిరాకీ. రంగురంగుల చుక్కలు, సన్నవీ లావువీ గీతలు, పక్కన నాలుగు అంకెలు ఉంటే పరిశోధన గట్టిగా ఉన్నట్టు అనిపిస్తుంది. నిజంగా గట్టిపడిందా లేదా అన్నది ఆ గీతలు ఎలా పుట్టాయో చూస్తే గానీ తెలియదు.

## ఒకేలా కనిపించే మూడు బొమ్మలు

గందరగోళం ముందు ఇక్కడ మొదలవుతుంది. విద్యా పరిశోధనలో కనిపించే నెట్‌వర్క్ బొమ్మలు దాదాపు ఒకే రూపంలో ఉంటాయి కానీ అవి చెప్పే విషయాలు వేరు.

అన్నిటికన్నా పాతది మనుషుల నెట్‌వర్క్. 1932లో న్యూయార్క్ రాష్ట్రంలోని హడ్సన్‌లో ఆడపిల్లల శిక్షణ పాఠశాల నుంచి రెండు వారాల్లో 14 మంది పారిపోయారు. జేకబ్ మొరెనో అనే మానసిక వైద్యుడు, ఆయనతో పనిచేసిన హెలెన్ జెన్నింగ్స్, ఆ పిల్లల్లో ఎవరికి ఎవరు దగ్గరో గీతలు గీసి చూశారు. పారిపోయినవారి స్వభావాల కంటే, వాళ్లు ఆ గీతల్లో ఎక్కడ ఉన్నారన్నదే విషయాన్ని ఎక్కువ వివరిస్తుందని మొరెనో వాదించాడు. ‘నీ పక్కన ఎవరు కూర్చుంటే నీకిష్టం?’ అని పిల్లలను అడిగి గీసే సోషియోగ్రామ్‌కు మూలం ఆయన పనే. బి.ఎడ్. చదివినవారికి అది పరిచయమే. అందులో చుక్క అంటే ఒక మనిషి.

రెండోది పరిశోధన పత్రాల కీవర్డ్ మ్యాప్. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీలో తయారైన వీఓఎస్ వ్యూయర్ సాఫ్ట్‌వేర్‌తో గీసేవి ఎక్కువగా ఇలాంటివే. ఏ కీవర్డ్ ఏ కీవర్డ్‌తో కలిసి ఎన్ని పత్రాల్లో వచ్చిందో అవి చూపుతాయి. ఒక అంశం మీద అంతకుముందు వచ్చిన పరిశోధనలను సమీక్షించడానికి పనికొస్తాయి. టీచర్లు ఏమన్నారో, పిల్లలు ఎలా ఆలోచించారో వాటిలో ఉండదు.

ఈ వ్యాసం మూడోదాని గురించి. ఇందులో చుక్క అంటే ఒక భావం లేదా ఒక మాట. గీత అంటే ఆ రెండు భావాలు ఒకే సంభాషణలో దగ్గర దగ్గరగా వచ్చాయని అర్థం. మనుషులు బొమ్మలోంచి తప్పుకుని, వాళ్ల మాటలు లోపలికి వస్తాయి.

## లెక్క ఒకటే, సంభాషణలు రెండు

పద్ధతి ఎందుకు పుట్టిందో చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. కింది సంభాషణ కల్పించినదే. ఎనిమిదో తరగతి పిల్లలు తడిబట్టలు ఎలా ఆరతాయో మాట్లాడుకుంటున్నారు అనుకుందాం.

లక్ష్మి: వాన రోజుల్లో మా ఇంట్లో బట్టలు రెండు రోజులైనా ఆరవు.
రమేశ్: గాలిలో అప్పటికే తేమ ఎక్కువుంటుంది కదా, నీళ్లు త్వరగా ఆవిరి కావు.
సలీం: మరి ఫ్యాన్ కింద వేస్తే ఎందుకు ఆరతాయి? గదిలో తేమ అంతే ఉందిగా?
రమేశ్: గాలి కదిలితే బట్ట దగ్గరున్న తేమ పక్కకి పోతుంది.
లక్ష్మి: రెండు రుమాళ్లు తడిపి, ఒకటి ఫ్యాన్ కింద, ఒకటి మూల పెట్టి చూద్దాం.

పరిశోధకులు ఒక్కో మాటకు ఒక్కో కోడ్ పెట్టారనుకుంటే వరస ఇలా వస్తుంది: అనుభవం, భావన, సందేహం, భావన, పరీక్ష. ఇక్కడ భావన అంటే శాస్త్ర భావన. లెక్కపెడితే భావన రెండుసార్లు, మిగతా మూడూ ఒక్కోసారి.

పక్క గుంపులో అవే కోడ్‌లు ఇంకో వరసలో వచ్చాయనుకుందాం: సందేహం, అనుభవం, పరీక్ష, భావన, భావన. లెక్క మాత్రం మారలేదు. శాతాల పట్టిక వేసినా, బార్ చార్ట్ గీసినా రెండు గుంపులూ ఒకటే. కానీ మొదటి గుంపులో శాస్త్ర భావన అనుభవానికీ, సందేహానికీ, పరీక్షకూ మధ్య మెదులుతోంది. రెండో గుంపులో అది అంతా అయ్యాక, ఎవరో పాఠ్యపుస్తకం తెరిచి చదివినట్టు, చివర వచ్చి చేరింది.

పక్కపక్కన ఉన్న మాటలను మాత్రమే కలిపితే ఈ తేడా బొమ్మలో కనిపిస్తుంది. మొదటి గుంపులో భావన మధ్యలో ఉండి మిగతా మూడింటినీ తాకుతుంది. సందేహంతో దాని గీత రెట్టింపు లావు. రెండో గుంపులో సందేహం, అనుభవం, పరీక్ష, భావన గొలుసులా వరసగా ఉంటాయి. భావనకూ సందేహానికీ మధ్య గీతే లేదు. కోడ్‌ల లెక్క చూపలేని ఈ తేడాను చూపడమే నెట్‌వర్క్ చేసే అసలు మేలు.

## ఎంత దూరం దాకా కలపాలి?

‘పక్కపక్కన ఉన్న మాటలను మాత్రమే కలిపితే’ అని పైన తేలిగ్గా అనేసిన షరతులోనే కథంతా ఉంది.

మొదటి సంభాషణనే తీసుకుందాం. ఒక్కో మాటను దాని ముందున్న ఒక్క మాటతోనే కలిపితే మూడు జంటలు వస్తాయి. భావన మిగతా మూడింటితో కలుస్తుంది, అంతే. సందేహానికీ పరీక్షకూ సంబంధం లేదని ఆ బొమ్మ చెబుతుంది.

ఇప్పుడు ముందున్న రెండు మాటల దాకా వెళ్దాం. జంటలు అయిదవుతాయి. కొత్తగా చేరినవాటిలో సందేహం–పరీక్ష ఒకటి. సలీం అడిగిన ప్రశ్న వల్లే లక్ష్మికి రుమాళ్ల ఆలోచన వచ్చిందని వాదించాలనుకునే పరిశోధకుడికి కావలసిన గీత సరిగ్గా ఇదే. అయిదు మాటలనూ ఒకే ముద్దగా తీసుకుంటే ఆరు జంటలూ వస్తాయి, అన్నీ అన్నిటితో కలుస్తాయి. అప్పుడు పక్క గుంపు బొమ్మ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. లెక్కతో దొరకని తేడా కోసం మొదలుపెట్టిన పని, తేడా లేకుండానే ముగుస్తుంది.

ఈ దూరాన్ని విండో అంటారు. ఎంత ఉండాలన్నదానికి అన్నిచోట్లా పనికొచ్చే అంకె లేదు. ఆన్‌లైన్ చాట్‌లో పిల్లలు ఒకేసారి టైప్ చేస్తారు కాబట్టి జవాబు నాలుగైదు వరసల తరవాత పడొచ్చు. ఎదురెదురుగా కూర్చుని చేసే ఇంటర్వ్యూలో టీచర్ ఒకే జవాబులో పది వాక్యాలు మాట్లాడతారు. అక్కడ విండోను వరసలతో కొలవాలా, వాక్యాలతోనా, జవాబు మొత్తాన్నా అన్నది ముందు తేలాలి. నమ్మకంగా చేసే పని ఏమిటంటే, రాతప్రతిలో కొంత భాగం తీసుకుని, ఒక్కో మాట నిజంగా ఎన్ని వరసల వెనక ఉన్న మాటకు జవాబో చేత్తో గుర్తించి, ఎక్కువ భాగం ఇమిడే దూరాన్ని ఎంచుకోవడం. సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా ఇచ్చిన అంకెను వదిలేసినట్టు థీసిస్‌లో కనిపిస్తే అనుమానించడంలో తప్పు లేదు.

మరో మెలిక కూడా ఉంది. ఈ లెక్కలో గీత వెనక్కి చూసి పుడుతుంది కాబట్టి, సందేహం–పరీక్ష గీత లక్ష్మి ఖాతాలో పడుతుంది. ప్రశ్న వేసి చర్చను మలుపు తిప్పిన సలీంకు అందులో వాటా రాదు.

## విస్కాన్సిన్ నుంచి వచ్చిన పద్ధతి

ఈ తరహా విశ్లేషణలో విద్యా పరిశోధకులు బాగా వాడే పేరు ఎపిస్టెమిక్ నెట్‌వర్క్ అనాలిసిస్, పొట్టిగా ఈఎన్ఏ. అమెరికాలోని విస్కాన్సిన్–మాడిసన్ యూనివర్సిటీలో డేవిడ్ విలియమ్సన్ షాఫర్ బృందం దీన్ని తయారుచేసింది. ఒక వృత్తిలో నిపుణత అంటే విడివిడి విషయాలు తెలిసి ఉండడం కాదని, ఆ వృత్తి తాలూకు జ్ఞానం, నైపుణ్యం, విలువలు, గుర్తింపు, నిర్ణయం తీసుకునే తీరు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండడమని షాఫర్ సిద్ధాంతం. ముడులే ముఖ్యమని సిద్ధాంతం చెబుతోంది కాబట్టి ముడులనే కొలిచే సాధనం అవసరమైంది. పద్ధతికి వెనక ఇలాంటి కారణం ఉండడం దీని బలం. చాలా చోట్ల బొమ్మ ముందు వచ్చి, కారణం తరవాత వెతుక్కుంటున్నారు.

మొదట్లో దీన్ని ఎక్కువగా వాడింది కంప్యూటర్ మీద నడిచే ఉత్తుత్తి ఇంటర్న్‌షిప్‌ల మీద. నెఫ్రోటెక్స్ అనే దాంట్లో ఇంజనీరింగ్ విద్యార్థులు ఒక కల్పిత కంపెనీలో చేరి డయాలసిస్ యంత్రానికి వడపోత పొరను డిజైన్ చేస్తారు. రెస్క్యూషెల్‌లో రక్షణ సిబ్బంది కాళ్లకు తొడుక్కునే యాంత్రిక తొడుగును డిజైన్ చేస్తారు. పని చేస్తూ వాళ్లు రాసుకున్న చాటే డేటా. ఈఎన్ఏ నేర్చుకునేవారికి నమూనాగా ఇచ్చే రెస్క్యూషెల్ డేటాలో ఆరు కోడ్‌లుంటాయి: డేటా, సాంకేతిక పరిమితులు, పనితీరు కొలతలు, క్లయింట్ల కోరికలు, డిజైన్ తర్కం, సహకారం. ఇలాంటి ఇంటర్న్‌షిప్ మొదటిసారి చేస్తున్నవారినీ, అంతకుముందు ఇంకొకటి చేసి వచ్చినవారినీ అందులో పోల్చుతారు.

ఆరు కోడ్‌ల మధ్య 15 జంటలు సాధ్యం. ఒక్కో విద్యార్థికి ఆ 15 అంకెల వరస తయారవుతుంది. వంద మాటలు మాట్లాడినవాడు పది మాటలు మాట్లాడినవాడిని మింగేయకుండా, ప్రతి వరసలోని అంకెలనూ ఒకే పరిమాణానికి కుదిస్తారు. న్యాయమే, కానీ దానికి వేరే చోట మూల్యం ఉంది: మూడే మాటలు మాట్లాడిన విద్యార్థి బొమ్మ కూడా వంద మాటలవాడి బొమ్మంత నిండుగా కనిపిస్తుంది. తరవాత 15 అంకెల తేడాను గణితం సాయంతో రెండు అక్షాలకు దించుతారు. ఆ అక్షాల మీద ఒక్కో విద్యార్థి ఒక బిందువవుతాడు, భావాల చుక్కలతో గీసిన అతని నెట్‌వర్క్ ఇంకో పొరగా దాని మీద పడుతుంది. కోడ్‌ల స్థానాలు అందరికీ ఒకటే కాబట్టి ఒక గుంపు నెట్‌వర్క్‌లోంచి ఇంకో గుంపుది తీసివేసి, ఏ గీత ఎవరి వైపు బలంగా ఉందో రంగులతో చూపవచ్చు.

జాగ్రత్త పడాల్సిన మీట ఒకటుంది. రెండు గుంపుల సగటులు వీలైనంత దూరంగా కనిపించేలా అక్షాన్ని తిప్పే సదుపాయం ఈ పద్ధతిలో ఉంది. కోడ్‌లు ఎక్కువగా, విద్యార్థులు తక్కువగా ఉన్నప్పుడు ఎక్కడో ఒక దిక్కున గుంపులు విడివడి కనిపించడం సహజం. 20 కోడ్‌లు పెట్టుకుంటే జంటలు 190 అవుతాయి. అంత వైశాల్యంలో 15 మంది టీచర్లను రెండు గుంపులు చేస్తే, తేడా లేకున్నా తేడా ఉన్నట్టు కనిపించే దిక్కు దొరికే అవకాశం ఎక్కువ.

## వాదనల నెట్‌వర్క్

ఇంకో శాఖను తొందరగా చూసి ముందుకెళ్లవచ్చు. విధానాల మీద జరిగే బహిరంగ చర్చలో ఎవరు ఏ వాదనను సమర్థించారు, ఏది వ్యతిరేకించారు అన్నది రెండు రకాల చుక్కలతో గీసే డిస్కోర్స్ నెట్‌వర్క్ పద్ధతిని జర్మన్ రాజనీతి శాస్త్రవేత్త ఫిలిప్ లైఫెల్డ్ అభివృద్ధి చేశారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసేదాకా సాగిన వాదోపవాదాలు దీనికి అచ్చంగా సరిపోయే సరుకు. తల్లిదండ్రులు, టీచర్ల సంఘాలు, భాషావేత్తలు, పార్టీలు ఒకవైపు. ఉద్యోగాలు, సమానత్వం, మాతృభాషలో బోధన, ఎంచుకునే హక్కు అనే వాదనలు మరోవైపు. బద్ధ విరోధులుగా కనిపించేవారు ఏ వాదన దగ్గర కలిశారో ఇలాంటి బొమ్మ బయటపెట్టగలదు.

## మధ్యలో ఉన్నది ముఖ్యమైనదేనా?

గెఫీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డేటా పోస్తే చుక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ, గీతలు స్ప్రింగుల్లా లాక్కుంటూ కాసేపటికి సర్దుకుంటాయి. చూడ్డానికి బాగుంటుంది. కానీ మొదట చుక్కలను యాదృచ్ఛికంగా చల్లి మొదలుపెడితే, మళ్లీ నడిపినప్పుడు బొమ్మ ఇంకోలా రావచ్చు. పైన ఉన్నది, కింద ఉన్నది, కుడిపక్కకు పోయినది అనే మాటలకు అక్కడ అర్థం లేదు. ఈఎన్ఏలో స్థానాలకు అర్థం ఉండేలా లెక్క కడతారు. రెండింటి బొమ్మలనూ ఒకేలా చదవడం తరచూ జరిగే పొరపాటు.

ఒక చుక్క నెట్‌వర్క్‌లో ఎంత కీలకమో చెప్పే కేంద్రీయత కొలతలతోనూ ఇదే తంటా. లింటన్ ఫ్రీమన్ 1977లో ప్రతిపాదించిన ‘బిట్వీన్‌నెస్’ కొలత, ఒక చుక్క ఎన్ని దారుల మధ్యలో పడుతుందో చెబుతుంది. మనుషుల మధ్య సమాచారం పారే చోట దానికి స్పష్టమైన అర్థం ఉంది. ‘హోంవర్క్’ అనే కోడ్ మీదుగా ‘పేదరికం’ నుంచి ‘ఆత్మవిశ్వాసం’కి ఏం పారుతుంది? జవాబు చెప్పలేకపోతే ఆ అంకెను పట్టికలో పెట్టకపోవడమే మేలు.

ఇంటర్వ్యూలకు ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. ప్రశ్నావళిలో మధ్యాహ్న భోజనం మీద ప్రశ్న, ఆ వెంటనే మరుగుదొడ్ల మీద ప్రశ్న ఉన్నాయనుకుందాం. ముప్పై ఇంటర్వ్యూల్లోనూ ఆ రెండు అంశాలూ పక్కపక్కనే వస్తాయి. బొమ్మలో వాటి మధ్య లావుపాటి గీత పడుతుంది. ‘టీచర్ల ఆలోచనలో భోజనం, పారిశుధ్యం విడదీయరానివి’ అని రాసేయడానికి అంతా సిద్ధం. నిజానికి ఆ గీత టీచర్ల బుర్రలోంచి కాకుండా ప్రశ్నల కాగితంలోంచి వచ్చింది. ప్రశ్నలు అడిగిన మాటలను తీసేయడం, ప్రశ్న మారిన చోట విండోను తెంపేయడం, వీలైతే ప్రశ్నల వరసను మనిషి మనిషికీ మార్చడం దీనికి విరుగుడు.

## తెలుగు రాతప్రతి దగ్గర వచ్చే చిక్కులు

కోడ్‌ల గొడవ లేకుండా నేరుగా మాటలనే చుక్కలు చేసే పద్ధతి కూడా ఉంది. ఇంగ్లిష్ రాతలో అది కొంతవరకు నడుస్తుంది. తెలుగులో బడి, బడికి, బడిలో, బళ్లో, బడినుంచి అన్నవి కంప్యూటర్‌కు అయిదు వేరు మాటలు. స్కూల్లో, స్కూలుకి, పాఠశాల కలిపితే ఎనిమిది. ఒక్క భావం ఎనిమిది బలహీనమైన చుక్కలుగా చీలిపోయి, మధ్యలో ఉండాల్సింది అంచులకు చెదిరిపోతుంది. ప్రత్యయాలు విడదీసే సాఫ్ట్‌వేర్ పుస్తక భాషను ఎంత బాగా విడదీసినా, ‘బళ్లోకెళ్లనన్నాడట’ అన్న మాట ముందు తడబడుతుంది. ఆ ఒక్క మాటలో బడి ఉంది, పిల్లవాడి నిరాకరణ ఉంది, చెప్పేవారు దాన్ని స్వయంగా వినలేదన్న సంగతి కూడా ‘అట’లో ఉంది.

కర్త లోపించడం ఇంకొకటి. ‘పదో తరగతి తరవాత పంపలేదు’ అని ఒక అమ్మాయి అంటే ఎవరు పంపలేదో వినేవారికి తెలుసు. మాటల నెట్‌వర్క్‌లో నాన్న ఎక్కడా కనపడడు. మొత్తం ఇంటర్వ్యూల్లో నిర్ణయాలు తీసుకున్నవాళ్లే బొమ్మలో లేకుండా పోతారు. ఈ కారణాల వల్ల తెలుగు డేటాకు మనిషి చదివి పెట్టే కోడ్‌ల దారే భద్రం.

ఇంగ్లిష్‌లోకి అనువదించి ఆ అనువాదం మీద కోడింగ్ చేస్తే ఒక చిక్కు తీరి ఇంకొకటి వస్తుంది. ‘సార్ అంటే కాస్త భయం ఉండాలి’ అని పల్లెలో ఒక తల్లి అంటే, భయభక్తులు అన్న జంటపదంలోని భయం అది. ఇంగ్లిష్‌లో ‘ఫియర్’ అని పడ్డాక, కోడ్ పెట్టేవారు దాన్ని శిక్ష ఖాతాలో వేసే అవకాశం ఎక్కువ. అప్పుడు శిక్షకూ ‘మంచి టీచర్’కూ మధ్య గీత పడి, తల్లిదండ్రులు పిల్లలను కొట్టడాన్ని మెచ్చుకుంటున్నారన్న నిర్ధారణకు దారి తీస్తుంది. కొందరు నిజంగానే మెచ్చుకోవచ్చు. ఈ గీత మాత్రం దానికి రుజువు కాదు.

## కోడ్ పెట్టింది ఎవరు?

ఇద్దరు విడివిడిగా కోడ్ చేసి, ఎంత ఏకీభవించారో కోహెన్ కప్పా (1960) అనే కొలతతో చూడడం పాత ఆనవాయితీ. ఆ ఏకీభావం చూసిన చిన్న నమూనాకే పరిమితమా, మిగతా డేటాకూ వర్తిస్తుందా అని అడగడానికి షాఫర్ బృందం ‘రో’ అనే పరీక్షను చేర్చింది. కప్పా 0.65 పైన, రో 0.05 లోపు ఉండాలన్నది ఆ బృందం సాధారణంగా పాటించే గీటురాయి.

చాట్‌జీపీటీ లాంటి భాషా నమూనాలు వచ్చాక కోడింగ్ వేగం మారిపోయింది. నెలల పని గంటల్లో అవుతుంది. మామూలు పట్టికలో ఒక తప్పు కోడ్ ఒక అంకెనే పాడుచేస్తుంది. నెట్‌వర్క్‌లో అలా ఆగదు. విండో నాలుగు వరసలైతే (ఆ వరసా, దాని ముందున్న మూడూ), ఒక వరసకు తప్పుగా పడిన కోడ్ తన ముందున్న మూడు వరసలతోనూ, తరవాతి మూడు వరసలతోనూ లేని గీతలు పుట్టించగలదు. మనిషి తప్పులు అక్కడొకటి ఇక్కడొకటి చెదిరి ఉంటాయి. యంత్రం మాత్రం భయాన్ని ప్రతిచోటా శిక్షగానే చదివితే ఆ తప్పు ఒక నమూనాగా పేరుకుని, బొమ్మలో అన్నిటికన్నా లావు గీతగా తేలుతుంది. కాబట్టి నెట్‌వర్క్ కోసం చేసే కోడింగ్‌కు మామూలుకన్నా గట్టి తనిఖీ కావాలి. తెలుగు వచ్చిన మనిషి, తెలుగు రాతప్రతి మీదే చేసే తనిఖీ కావాలి.

ఈఎన్ఏ వెబ్ సాధనంలో ఒక సదుపాయం ఉంది. గీతను ఎంచుకుంటే దాన్ని పుట్టించిన అసలు మాటలు తెరమీదికి వస్తాయి. వాటిని చదివితే ఆ రెండు భావాల మధ్య సంబంధం నిజంగా ఉందో, పక్కపక్కన పడ్డాయంతేనో కొద్ది నిమిషాల్లో తెలుస్తుంది. అచ్చువేసిన థీసిస్‌లో బొమ్మను నొక్కి చూసే వీలు లేదు. అందులో ప్రతి ముఖ్యమైన గీత కిందా దాన్ని పుట్టించిన రెండు మూడు మాటలు ఇస్తే, ‘ఈ అయిదే ఎందుకు?’ అని అడిగే పరీక్షకుడు వాటిని చదివి తనే తేల్చుకోగలడు.